దిగే దారి కొన మీద ఉన్న కొండ

జుగ్‌స్పిట్జె కొన మీద బీరు దొరుకుతుంది, వేడి సూపు దొరుకుతుంది, టాయిలెట్లు ఉంటాయి. పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు దిగే తల్లిదండ్రులు ఉంటారు. ఎండ కాసే ఆదివారమైతే డాబా మీద నిలబడటానికి చోటుండదు. అదే డాబాకి పక్కనున్న రాతి అంచు మీంచి, హెల్మెట్ పెట్టుకుని నడుముకి పట్టీలు బిగించుకున్న మనిషి ఒకడు మోకాళ్లు వణుకుతుండగా పైకి వస్తాడు. కుటుంబంతో వచ్చినవాళ్లకి ఐబ్‌జే సరస్సు దగ్గర కేబుల్ కార్ ఎక్కాక పట్టింది పది నిమిషాలు. ఇతనికి పొద్దుటి నుంచీ ఇదే పని.

జర్మనీలో ఇంతకన్నా ఎత్తైన చోటు లేదు. సముద్రమట్టానికి 2,962 మీటర్లు. ఆస్ట్రియా సరిహద్దు సరిగ్గా దీని మీదుగానే పోతుంది. జర్మన్ల నోట ఈ పేరు త్సుగ్‌ష్పిట్సె అని పలుకుతుంది. ఆల్ప్స్ మొత్తం లెక్కలో చూస్తే ఇదేమంత పెద్ద కొండ కాదు. మోంట్ బ్లాంక్ 4,800 మీటర్లు దాటుతుంది, స్విట్జర్లాండ్‌లో నాలుగు వేల మీటర్ల కొనలు డజన్ల కొద్దీ ఉన్నాయి. ఎత్తు తక్కువ, పైగా రైలు వెళ్తుంది, ఇంక నడిచి ఎక్కడానికి భయమేముంది అనే లెక్క ఇక్కడే మొదలవుతుంది. ఆ లెక్క తప్పు. ఎంత తప్పో తెలియాలంటే రైలు ఈ కొండకి చేసిన పని చూడాలి.

ముందు పేరు సంగతి. జర్మన్‌లో త్సుగ్ అంటే రైలు, ష్పిట్సె అంటే కొన. రైలు వెళ్లే కొన కాబట్టి ఆ పేరు వచ్చిందని ఎవరైనా అనుకుంటారు. కానీ పేరు రైలు కన్నా శతాబ్దాల పాతది. కొండవాలు మీద మంచు ఏటా ఒకే గాడిలో జారి పడుతుంది. ఆ గాళ్లను కూడా త్సుగ్ అనే అంటారు. పేరు వాటి నుంచే వచ్చిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. అంటే ఊళ్లో జనం ఈ కొండని పిలిచింది దాని ప్రమాదం పేరుతో.

కాగితం మీద నమోదైన మొదటి ఆరోహణ 1820 ఆగస్టు 27న జరిగింది. బవేరియా సైన్యంలో లెఫ్టినెంట్ యోసెఫ్ నౌస్ సర్వే పని మీద, ఒక సహాయకుడిని, స్థానిక గైడ్ యోహాన్ గెయోర్గ్ టౌష్ల్‌ని వెంటబెట్టుకుని రైన్‌టాల్ లోయ మీదుగా ఎక్కాడు. వేటగాళ్లూ గొర్రెల కాపరులూ అంతకు ముందే వెళ్లి ఉండొచ్చు, వాళ్లు కాగితాలు రాయలేదు. 1851లో శిలువ నిలబెట్టారు. 1897లో మ్యూనిక్ పర్వతారోహకుల సంఘం కొన మీద ఒక విడిది కట్టింది, 1900లో దాని పక్కనే వాతావరణ కేంద్రం వచ్చింది. 1926లో ఆస్ట్రియా వైపు నుంచి కేబుల్ కార్, 1930లో జర్మనీ వైపు నుంచి మన ఊటీ రైలులా పళ్ల పట్టాల మీద నడిచే రైలు వచ్చాయి. ఆ రైలు చివరి భాగమంతా కొండ పొట్టలో తొలిచిన సొరంగంలోనే. 1963లో ఐబ్‌జే నుంచి మరో కేబుల్ కార్ వేశారు. దాన్ని తీసేసి 2017 డిసెంబరులో కొత్తది పెట్టారు. 127 మీటర్ల ఉక్కు స్తంభం ఒక్కటే, అది దాటాక 3,213 మీటర్ల పాటు తాడు గాల్లోనే. ఈ రెండూ ప్రపంచ రికార్డులుగా ప్రకటించుకున్నారు.

ఇన్ని కట్టడానికి కొండ తల కాస్త చెక్కక తప్పలేదు. మొదట ఇక్కడ మూడు కొనలుండేవి. నడిమిది కేబుల్ కార్ స్టేషన్ కింద పోయింది. పడమటి కొన పైభాగాన్ని సైన్యం 1938లో విమానాల కంట్రోల్ గది కోసం పేల్చేసింది, ఆ గది మాత్రం కట్టనేలేదు. ప్రకృతి చేసినట్టే మిగిలింది తూర్పు కొన ఒక్కటే. బంగారు పూత శిలువ ఇప్పుడు ఉన్నది దాని మీదే. ఈ పేల్చివేత గురించి డాబా మీద ఐస్‌క్రీమ్ తింటున్న వాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, జర్మనీ అత్యంత ఎత్తైన బిందువు తూర్పు కొనకి మారడంలో దీని చేయి కూడా ఉంది.

ఇక నడక. ముఖ్యమైన దారుల్లో అన్నిటికన్నా తేలికదని పేరున్నది రైన్‌టాల్ దారి, నౌస్ వెళ్లిన లోయే. గార్మిష్–పార్టెన్‌కిర్షెన్‌లో ఒలింపిక్ స్కీ స్టేడియం దగ్గర, సుమారు 730 మీటర్ల ఎత్తున మొదలవుతుంది. కొన దాకా 21 కిలోమీటర్లు, ఎక్కాల్సింది 2,200 మీటర్లకు పైన. తాళ్లు పట్టుకుని ఎక్కే భాగం చివర్లో కొంచెమే. అందుకే తేలిక అంటారు. కానీ ఆ మాట కాళ్లు ఎక్కడ పెట్టాలన్న కష్టానికి సంబంధించింది, ఒంటికి పట్టే కష్టానికి కాదు.

జర్మనీలో కొండదారుల బోర్డుల మీద గంటలు రాయడానికి ఒక పద్ధతి ఉంది. ఎక్కడం గంటకి 300 మీటర్లు, సమతలం మీద నడక గంటకి 4 కిలోమీటర్లు. రెండూ విడివిడిగా లెక్కేసి, పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి. ఇక్కడ ఎక్కడానికి దాదాపు ఏడున్నర గంటలు, దూరానికి అయిదుంపావు. ఏడున్నరకి అయిదుంపావులో సగం కలిపితే పది గంటలు. తిండికీ, నీళ్లకీ, ఫొటోలకీ ఆగే సమయం ఇందులో లేదు. తెలుగువాళ్లకి అర్థమయ్యే కొలత ఒకటి ఉంది. అలిపిరి నుంచి మెట్ల మీద తిరుమల చేరితే ఎంత ఎత్తు ఎక్కుతామో దానికి మూడింతల పైమాటే ఇది. అక్కడైతే దారి పొడవునా కప్పు, మంచినీళ్లు, అడుగడుక్కీ కూర్చునే చోటు. ఇక్కడ పైకి వెళ్లేకొద్దీ ఒక్కొక్కటే తగ్గిపోతాయి.

ఈ దారి మొదటి సగం మనిషిని మోసం చేస్తుంది. పార్ట్‌నాఖ్ వాగు కొండని నిలువునా కోసుకుంటూ పారే ఇరుకు సందులోంచి నడక మొదలవుతుంది. టికెట్ కొని లోపలికి వెళ్లాలి. తలపై నుంచి నీటి చుక్కలు పడుతుంటాయి, చాలా బాగుంటుంది. తర్వాత లోయ విశాలమవుతుంది, దారి మెల్లగా, మర్యాదగా ఎక్కుతుంది. నాలుగైదు గంటలకి రైన్‌టాల్‌ఆంగర్‌హుట్టె వస్తుంది. హుట్టె అంటే కొండ మీద భోజనం, రాత్రికి పరుపు దొరికే విడిది. అక్కడ కూర్చుని మ్యాప్ చూసుకుంటే దూరంలో మూడింట రెండు వంతులు అయిపోయినట్టు కనిపిస్తుంది. ఎత్తు చూస్తే 1,370 మీటర్లు. అంటే ఎక్కాల్సినదాంట్లో మూడో వంతు కూడా కాలేదు. మిగిలిన ఏడు కిలోమీటర్లలో పదహారు వందల మీటర్లు ఎక్కాలి.

నీళ్ల సంగతి కూడా ఇక్కడి నుంచే మారుతుంది. ఈ కొండంతా సున్నపురాయి. ఇరవై కోట్ల ఏళ్లకు పైనాటి వెచ్చని సముద్రంలో పగడపు దిబ్బల్లా పేరుకున్న రాయి. సున్నపురాయిని నీళ్లు కరిగించి బొక్కలు పెడతాయి. జుగ్‌స్పిట్జె కింద జుగ్‌స్పిట్జ్‌ప్లాట్ అనే పెద్ద పళ్లెం లాంటి పీఠభూమి ఉంది. దాని మీద కురిసిన వానా కరిగిన మంచూ రాతి పగుళ్లలోకి దిగిపోయి, బాగా కింద రైన్‌టాల్‌లో పార్ట్‌నాఖ్ ఊటగా బయటపడతాయి. పైన నడిచేవాడికి మంచు కనిపిస్తుంది గానీ పారే వాగు దొరకదు. 2,050 మీటర్ల దగ్గర క్నోర్‌హుట్టెలో సీసాలు నింపుకోవడం మర్చిపోతే ఆ పైన ఎండలో తెల్లరాయి మీద గంటల నడక ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

క్నోర్‌హుట్టె దాటాక రైలు ఆఖరి స్టేషన్ వస్తుంది, సుమారు 2,590 మీటర్ల మీద. కాళ్లు అరిగినవాళ్లు చాలామంది ఇక్కడ ఆగి, చివరి భాగం చిన్న కేబుల్ కార్‌లో వెళ్లిపోతారు. వాళ్లని తక్కువ చేయాల్సిన పనేం లేదు, ఎందుకంటే ఆ చివరి నాలుగు వందల మీటర్లూ ఈ దారికి అసలు పరీక్ష. ముందు గులకరాళ్ల వాలు, రెండడుగులు పైకేస్తే ఒకటి కిందికి జారుతుంది. ఆ పైన ఉక్కు తాడు బిగించిన రాతి అంచు. పొద్దున్నే తాజాగా ఉన్న మనిషికి అది కష్టం కాదు. ఎనిమిది గంటలు నడిచి, గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే నాలుగింట మూడు వంతులకన్నా తక్కువ ఉన్న చోటికి చేరిన మనిషికి అదే అంచు వేరేలా కనిపిస్తుంది.

కొన దాకా రైలూ కేబుల్ కారూ వేయడం వల్ల మారింది ఇదే. మామూలు కొండ ఎక్కేవాడికి కొన సగం దారి. పైకి వెళ్లే ప్రతి అడుగూ తిరిగి దిగాల్సిన అడుగే కాబట్టి, ఒంట్లో శక్తి సగానికి వచ్చేసరికి వెనక్కి తిరగాలన్న ఆలోచన దానంతట అదే వస్తుంది. జుగ్‌స్పిట్జె మీద ఆ బ్రేకు పనిచేయదు. ఇంటికి వెళ్లే దారి పైనుంది. మబ్బు కమ్మినా, మోకాలు నొప్పి పుట్టినా, నీళ్లు అయిపోయినా మనసు వేసే లెక్క ఒకటే: వెనక్కి పోతే ఇంకో ఆరు గంటలు, పైకి పోతే రెండు గంటలు, అక్కడ కేబుల్ కార్ ఉంది. లెక్క చూడ్డానికి తప్పులేదు. కానీ ఆ రెండు గంటల్లోనే దారిలో అన్నిటికన్నా చలి, గాలి, నిటారు ఉన్నాయి. అలసిన మనిషిని, చెడిన వాతావరణంలో, కొండలో కష్టమైన భాగంలోకి తోసేది ఆ కేబుల్ కారే. పైగా దానికి టైమ్ ఉంది. చివరి బండి సాయంత్రం పెందలాడే వెళ్లిపోతుంది, గాలి బలంగా ఉంటే అసలు నడవదు, ఏడాదిలో కొన్ని రోజులు మరమ్మతులకి ఆపేస్తారు. దాన్ని అందుకోవాలన్న టెన్షన్‌లో జనం రాతి అంచు మీద పరుగు పెడతారు.

2008 జులై 13న జరిగింది ఇంతకంటే కఠినమైన ఉదాహరణ. ఆస్ట్రియా వైపు ఎర్‌వాల్డ్ నుంచి జుగ్‌స్పిట్జె పైకి కొండ పరుగు పందెం పెట్టారు. కింద వాన, పైన మంచు, ఈదురుగాలి. చాలామంది ఒంటి మీద నిక్కరూ పల్చటి చొక్కానే. ఇద్దరు చలికి, అలసటకి చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. చనిపోయినవాళ్లు అడవిలో దారి తప్పలేదు. ముగింపు గీత ఉన్న వైపుకే, రెస్టారెంటూ రైలూ ఉన్న వైపుకే పోతున్నారు. నిర్వాహకుడి మీద కేసు నడిచింది, కోర్టు నిర్దోషి అంది. పెద్దవాళ్లు తమ ఇష్టంతో పరిగెత్తారన్నది వాదన. చట్టం ప్రకారం అది సరేననుకున్నా, ముగింపు గీత పైనున్నప్పుడు ఇష్టం అనే మాట ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే ప్రశ్న.

జులైలో మంచేమిటని మన ఎండలు చూసినవాళ్లకి అనుమానం వస్తుంది. జుగ్‌స్పిట్జె ఆల్ప్స్‌కి ఉత్తరపు గోడ. దానికి ఉత్తరాన ఉన్నవి పొట్టి కొండలు, అవి దాటితే మ్యూనిక్ దాకా మైదానమే. వాయవ్యం నుంచి వచ్చే తేమగాలి ఆ మైదానం దాటి మొట్టమొదట గుద్దుకునే బాగా ఎత్తైన గోడ ఇదే. గాలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, ఉన్న నీళ్లన్నీ అక్కడే వదిలేస్తుంది. పైన వాతావరణ కేంద్రంలో 1944 ఏప్రిల్‌లో పేరుకున్న మంచు లోతు 8.3 మీటర్లు. 1940 ఫిబ్రవరిలో ఉష్ణోగ్రత మైనస్ 35.6 డిగ్రీలకి పడింది. వేసవిలోనూ వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి కాబట్టి గార్మిష్‌లో 20 ఉన్న రోజు కొన మీద అయిదారు. గాలి కలిస్తే ఒంటికి తెలిసేది అంతకన్నా తక్కువ. కింద సన్నగా వాన పడుతోందంటే పైన మంచు పడుతున్నట్టే. మంచు పడ్డ జుగ్‌స్పిట్జ్‌ప్లాట్ మీద రాళ్లకి వేసిన ఎర్రటి గుర్తులు మాయమవుతాయి, పొగమంచు కూడా దిగితే పళ్లేనికి అంచు ఎటో తెలియదు.

దానికి తోడు మధ్యాహ్నపు ఉరుములు. పొద్దుట నుంచి ఎండకి కాగిన బండల మీద గాలి వేడెక్కి పైకి లేచి, రెండు మూడు గంటలకల్లా మబ్బవుతుంది. పిడుగుల సమయంలో ఉక్కు తాడు పట్టుకుని రాతి అంచు మీద ఉండటం కన్నా చెడ్డ చోటు ఉండదు. తెల్లవారక ముందే బయల్దేరాలని కొండ తెలిసినవాళ్లు అనేది అందుకే.

మ్యూనిక్‌లో చదువుకుంటున్న, ఐటీ ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లకి ఇక్కడ ఒక చిక్కు ఉంది. వాళ్లకి గార్మిష్ ప్రాంతీయ రైలులో గంటన్నర లోపు ప్రయాణం. శనివారం ఇంట్లో టిఫిన్ చేసి తీరిగ్గా రైలెక్కితే నడక మొదలయ్యేసరికి తొమ్మిదిన్నరో పదో అవుతుంది. దానికి పది గంటలు కలిపి చూసుకుంటే చాలు. ఒక్క రోజులో ఎక్కడం బలమైనవాళ్లకి సాధ్యమే, కాదనలేం. కానీ మొదటిసారి వెళ్లేవాళ్లు మొదటి రోజు రైన్‌టాల్‌ఆంగర్‌హుట్టెలోనో క్నోర్‌హుట్టెలోనో పడుకుని, రెండో రోజు పొద్దున్నే పైభాగం ఎక్కితే దారి స్వభావమే మారిపోతుంది. ఉరుములకి ముందే కొన, నడక సగంలో నిద్ర, పైగా వెనక్కి తిరగాలనుకుంటే విడిది దగ్గర్లోనే. వేసవి వారాంతాల్లో పరుపులు దొరకవు, చాలా ముందే బుక్ చేసుకోవాలి. లోపల కప్పుకోవడానికి సన్నటి సంచి లాంటి దుప్పటి మనమే తీసుకెళ్లాలి, రాత్రి పదింటికి దీపాలు ఆర్పేస్తారు.

రైలులో పైకి వెళ్లి నడిచి దిగుదామనే వాళ్లూ ఉంటారు. ఊపిరికి అది తేలిక, మోకాళ్లకి కాదు. పైగా వాళ్లకి జారే గులకరాళ్ల వాలు మొట్టమొదటే ఎదురవుతుంది.

రెండో ప్రసిద్ధ దారి హొల్లెన్‌టాల్. మాటకి మాట చెప్తే నరక లోయ. హమ్మర్స్‌బాఖ్ ఊరి నుంచి దూరం రైన్‌టాల్ దారిలో సగం కూడా ఉండదు, ఎత్తు మాత్రం అంతే, అంటే రెట్టింపు నిటారు. ఇరుకు లోయ దాటి హొల్లెన్‌టాల్‌ఆంగర్‌హుట్టె, అది దాటాక రాతిగోడకి బిగించిన ఇనప మెట్లు, ఆ తర్వాత "పలక" అనే నున్నటి బండ. దాని మీద కాలు పెట్టడానికి ఉన్నవి రాతిలో దిగ్గొట్టిన ఇనప కడ్డీలు మాత్రమే, కింద బోలెడు ఖాళీ. ఫొటోల్లో అందరికీ తెలిసిన చోటు ఇదే గానీ, అసలు గండాలు ఇంకా పైనున్నాయి.

ఇలా ఉక్కు తాడు వేసిన దారిని జర్మన్‌లో క్లెట్టర్‌స్టైగ్ అంటారు. నడుము పట్టీకి రెండు కొక్కేలుంటాయి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి తాడుకి తగిలించుకుంటూ పోవాలి. తగిలించుకున్నాను కాబట్టి పడినా ఫరవాలేదనుకోవడం పెద్ద పొరపాటు. ఉక్కు తాడు కొన్ని మీటర్లకొకసారి రాతికి బిగించి ఉంటుంది. జారితే కొక్కెం ఆ బిగింపు దాకా తాడు వెంట జారిపోయి అక్కడ ఒక్కసారిగా ఆగుతుంది. నాలుగైదు మీటర్ల పాటు పడ్డ బరువంతా ఒక మీటరు పట్టీ మీద పడుతుంది. మామూలు తాడుతో రాయి ఎక్కేవాళ్ల పతనంలో కన్నా ఇక్కడ కుదుపు ఎన్నో రెట్లు. అందుకే ఆ పట్టీలో కుట్లు ఊడుతూ దెబ్బని మింగే ప్రత్యేకమైన మడత ఒకటి పెడతారు. సొంతంగా తాడు ముక్కతో కట్టుకున్నది అక్కడ తెగుతుంది. మడత ఉన్నా మధ్యలో ఇనప కడ్డీలకి కొట్టుకుంటే ఎముకలు విరుగుతాయి. కొక్కెం ప్రాణం కాపాడొచ్చేమో, కాలు కాదు.

కడ్డీల బండ దాటాక హొల్లెన్‌టాల్‌ఫెర్నర్ వస్తుంది. జర్మనీలో మిగిలిన కొద్ది హిమానీనదాల్లో అదొకటి. 2022 సెప్టెంబరులో బవేరియా విజ్ఞాన అకాడమీ జుగ్‌స్పిట్జె మీదే ఉన్న దక్షిణ ష్నేఫెర్నర్‌ని ఇక హిమానీనదంగా లెక్కించలేమని ప్రకటించింది. అక్కడి మంచు చాలా చోట్ల రెండు మీటర్లకన్నా పల్చబడిపోయి కదలడం మానేసింది. హిమానీనదం అనాలంటే అది సొంత బరువుతో పారాలి. దాంతో జర్మనీ హిమానీనదాలు అయిదు కాస్తా నాలుగయ్యాయి. హొల్లెన్‌టాల్‌ఫెర్నర్ ఇంకా నిలబడటానికి కారణం చుట్టూ ఉన్న గోడల నీడ, ఆ గోడల మీంచి చలికాలంలో జారిపడే మంచు. కొండకి పేరిచ్చిన ఆ గాళ్లే దాన్ని పోషిస్తున్నాయి.

అయినా అదీ కుంగుతోంది, ఆ కుంగుడు నడిచేవాడికి నేరుగా తగులుతుంది. మంచు మీంచి రాతి మీది ఉక్కు తాడు అందుకునే చోట రెండిటికీ మధ్య ఒక సందు ఉంటుంది. వేసవి మొదట్లో చలికాలపు మంచు దాన్ని కప్పేసి ఉంటుంది, దాటడం తేలిక. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి సందు తెరుచుకుంటుంది, మంచు దిగిపోయి తాడు మొదలు తలపైకి వెళ్లిపోతుంది. ఒకే దారి జూన్‌లో ఒకలా, సెప్టెంబరులో మరోలా ఉంటుంది. పోయినేడాది వెళ్లొచ్చిన స్నేహితుడి మాట ఈ ఏడాదికి పనికొస్తుందన్న నమ్మకం లేదు, విడిదిలో ఫోన్ చేసి ఈ వారం ఎలా ఉందో అడగాల్సిందే. బూట్లకి కట్టుకునే ఇనప ముళ్లు బరువని వదిలేసి వచ్చినవాళ్లకి గట్టి మంచు మీద ఆ బరువు ఎందుకో తెలుస్తుంది. కొన కింది రాయిని పట్టి ఉంచుతున్న శాశ్వత మంచులో కూడా 2007 నుంచి రంధ్రాలు వేసి థర్మామీటర్లు పెట్టారు. అవి ఏడాదికేడాది కాస్త కాస్తగా వేడి చూపిస్తున్నాయి.

సందు దాటినవాళ్లకి ఇంకో రెండు గంటల పైన తాడు మీదే పని. ఆ దారి తిన్నగా తూర్పు కొన మీద శిలువ పక్కనే బయటపడుతుంది. డాబా అక్కడి నుంచి కొద్ది దూరమే, మధ్యలో చిన్న ఇనప నిచ్చెన, తాడు పట్టుకుని నడవాల్సిన సన్నటి అంచు. కేబుల్ కార్‌లో వచ్చినవాళ్లు శిలువని ముట్టుకుని రావాలని రబ్బరు చెప్పులతో, తెల్ల స్నీకర్లతో అదే అంచు మీద బారులు తీరతారు. పొద్దున నాలుగింటికి నరక లోయలో బయల్దేరినవాడు నిచ్చెన దగ్గర ఆగుతాడు. ఎదురుగా ఉన్నాయన సెల్ఫీ అయ్యేదాకా దిగడానికి వీలుండదు.